దిగుడులో అరిచే బండి

1981 ఎండాకాలం. మదనపల్లెలో బెంగుళూరు రోడ్డు పక్కన, రేకుల షెడ్డులో నా మోటారుసైకిళ్ల రిపేరు షాపు. బడిలో నేను చదివింది తొమ్మిదో తరగతి వరకే. మిగతాదంతా ఊరి గ్రంథాలయంలో నేర్చుకున్నాను. అక్కడ ఒక బీరువా నిండా ఎవరూ ముట్టని ఇంగ్లీషు మెకానిక్ పుస్తకాలు ఉండేవి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేరా కూడబలుక్కుంటూ చదివాను. గేర్‌బాక్సు లోపలి బొమ్మలను పల్చటి కాగితం మీద దించుకుని షెడ్డు గోడకు అంటించాను. ఈ సంగతి చెప్పుకునే అవకాశం వస్తే ఇప్పటికీ వదులుకోను.

ఈ వృత్తిలో నన్ను అన్నిటికన్నా విసిగించినవి శబ్దాల కేసులు. విరిగిన వస్తువు కంటికి కనిపిస్తుంది. శబ్దం మాత్రం యజమానికి రోడ్డు మీద వినిపిస్తుంది, నా షెడ్డులోకి వచ్చేసరికి మాయమవుతుంది. అప్పుడాయన దాన్ని నోటితో చేసి చూపిస్తాడు. ఆ నోటి శబ్దాన్ని పట్టుకుని నేను ఇనుప పెట్టెలో వెతుక్కోవాలి.

నారాయణప్పది పుంగనూరు. పట్టుపురుగుల గుడ్లు అమ్మేవాడు. మదనపల్లెలో గుడ్లు అంటుకుని ఉన్న అట్టలు తీసుకుని, తడిగుడ్డ చుట్టిన పెట్టెలో పెట్టి, బండి వెనక కట్టుకుని, కుప్పం చుట్టుపక్కల మల్బరీ వేసిన రైతులకు చేర్చేవాడు. ఆ సరుకు ఆగేది కాదు. వేడికి దారిలోనే గుడ్లు పగిలి పురుగులు బయటికొస్తే తినడానికి ఆకు దొరకదు, పెట్టెలోనే చచ్చిపోతాయి. బస్సు కోసం ఎదురుచూస్తూ చేసే వ్యాపారం కాదది. ఆయన బతుకంతా మూడొందల యాభై సీసీల పాత బండి మీద ఉండేది. దూరప్రయాణాల కోసం చేసిన బరువైన బండి, నాలుగు గేర్లు.

"అప్పా, దిగుడులో అరుస్తాండాది," అన్నాడు మొదటిసారి వచ్చినప్పుడు.

"ఎట్ల అరుస్తాది?"

ఆయన గొంతు బిగించి "కీఁ...య్" అన్నాడు. రోడ్డు మీద గంప నెత్తిన పెట్టుకుని పోతున్న ఆమె ఆగి మా వైపు చూసింది.

"ఎత్తు ఎక్కేటప్పుడు?"

"రాదు. సమంగా ఉండే రోడ్లో గూడా రాదు. దిగుడులోనే. పోయి పోయి గేర్‌బాక్సు పట్టుకుంటే నేను యాడ పడతానో, గుడ్లు యాడ పడతాయో!"

ఆ భయం నిజమైనదే. పరుగు మీద గేర్‌బాక్సు బిగిస్తే వెనక చక్రం తిరగదు, బండి మనిషిని విసిరేస్తుంది.

ఇలాంటి చోట పుస్తకం ఒక పరీక్ష చెబుతుంది. క్లచ్ అంటే ఇంజన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య ఉండే బిళ్లల దొంతర. హ్యాండిల్ మీది లివరు పట్టుకుంటే ఆ బిళ్లలు విడిపోతాయి, ఇంజన్ బలం గేర్లకు అందదు. బండిని నిలబెట్టి, ఇంజన్ నడిపి, న్యూట్రల్‌లో ఉంచి లివరు పట్టాలి. అప్పుడు శబ్దం ఆగిపోతే జబ్బు గేర్‌బాక్సులో ఉంది. అప్పుడే శబ్దం మొదలైతే జబ్బు క్లచ్‌లో ఉంది. నేను పట్టాను, వదిలాను, మళ్లీ పట్టాను. కీఁ మనలేదు. గేర్‌బాక్సులో మాత్రం సన్నగా గరగర ఉంది, లివరు పట్టగానే అది ఆగింది. ఇంకేం, గేర్‌బాక్సు విప్పాను. పెద్ద ఇరుసును మోసే బేరింగ్‌లో గుండ్లు గరుకెక్కాయి. కొత్తది వేసి, ఆయిలు మార్చి పంపించాను. నా మీద నాకు గౌరవం కలిగింది.

తరువాతి వారం మళ్లీ వచ్చాడు.

"గరగర పోయింది. అరుపు పోలా."

"కీఁయేనా?"

"కాదప్పా. బండమీద రాగి బిందె ఈడ్చినట్లు."

"పోయినసారి కీఁ అన్నావే!"

"బిందె ఈడిస్తే కీఁ అనే గదప్పా అనేది?"

దిగుడులో మాత్రమే వచ్చే శబ్దం గురించి పుస్తకంలో ఇంకో మాట ఉంది. యాక్సిలేటరు వదిలేసి దిగేటప్పుడు చక్రమే ఇంజన్‌ను తిప్పుతుంది, బలం ఎదురు దిక్కున పడుతుంది, అప్పుడు గేరు పళ్ల రెండో పక్క అరుగుదల బయటపడుతుంది. వదులైన చైను కూడా అప్పుడే కొట్టుకుంటుంది. ఇంజన్ నుంచి క్లచ్‌కు పోయే లోపలి చైను బిగించాను. గేర్లన్నీ బయటికి తీసి ఒక్కో పన్ను ఎండలో పట్టి చూశాను. ఏ పన్నుకూ వంక లేదు. ఎదురు షెడ్డులో లేతు మిషను మీద పనిచేసే బాషా భాయి వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాడు.

"క్యా భాయ్, మళ్లీ ఇదే బండి? నీ గోడ మీద బొమ్మలు ఏమంటా ఉండాయి?"

"నీ లేతు అరుపు ఆపితే అవి చెప్పేది ఇనిపిస్తాది," అన్నాను.

మూడోసారి నారాయణప్ప వచ్చినప్పుడు శబ్దం చేసి చూపించలేదు. అరుగు మీద కూర్చుని తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు.

"బెంగుళూరు బ్రోకరు శుక్రవారం వస్తానన్నాడు. బండి అమ్మేస్తా. కుప్పం పక్క పల్లెలు ఇంగ వేరేవాళ్లు సూసుకుంటారు. ప్రాణం మీదికి తెచ్చుకుని తిరిగేదాని కంటే ఇంట్లో కూచుంటా."

ఇంట్లో కూచుని ఏం చేస్తాడో ఆయనకూ తెలియదని ఆ గొంతు చెప్పింది. నాకు కోపం వచ్చింది. ఆయన మీద, బండి మీద, ఆ బ్రోకరు మీద, ఇంత చదివినా దొరకని ఆ కీఁ మీద.

"రేపు నువ్వు కుప్పం పోయేటప్పుడు నేను ఎనక కూచుంటా," అన్నాను.

"అంగడి?"

"మూసేస్తా. అది అరిస్తే నేను ఇనాల. అంతే."

మరునాడు పొద్దున బయలుదేరాం. వెనక నేను కూర్చోవడంతో గుడ్ల పెట్టెకు చోటు లేకపోయింది. దాన్ని నా ఒళ్లో పెట్టాడు. "ఆడించొద్దప్పా, పసిబిడ్డ లెక్క పట్టుకో," అని పుంగనూరు దాకా చెబుతూనే ఉన్నాడు. ఎత్తులు ఎక్కాం, సమంగా ఉన్న రోడ్డు మీద పరుగెత్తాం. బండి బంగారంలా నడిచింది. పుంగనూరు దాటి చాలా దూరం పోయాక పెద్ద దిగుడు మొదలైంది. అక్కడ నారాయణప్ప చెయ్యి, ఈగను తోలినంత సులువుగా, తాళం మీదికి పోయింది. తిప్పేశాడు. ఇంజన్ ఆగిపోయింది. ఎడమచేతి వేళ్లన్నీ క్లచ్ లివరును లాగి పట్టుకున్నాయి. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. బండి జారిపోతోంది. అంతలో నా కుడి పాదం కింద నుంచి కీఁయ్‌మని మొదలైంది.

"ఇదో! ఇంటాండావా? ఇదే!" అని ఆయన సంబరంగా అరిచాడు.

"ఇంజన్ యాల ఆపినావు?" అని నేను అంతకన్నా గట్టిగా అరిచాను.

"దిగుడు గదప్పా! దిగేదానికి పెట్రోలు యాల?"

"మరి న్యూట్రల్ చెయ్యకుండా క్లచ్ పట్టుకున్నావే!"

"కింద వదిలితే అదే స్టార్టవుతాది. కిక్కు కొట్టే పని ల్యా. పోయినేడు కిక్కు ఎదురు తన్ని నా మోకాలు ఏమయిందో నీకు తెల్సు గదా!"

దిగుడు చివర ఆయన తాళం మళ్లీ తిప్పి లివరు వదిలాడు. బండి ఒక్క కుదుపు కుదిపి స్టార్టయింది. నా గడ్డం పోయి పెట్టె అంచుకు కొట్టుకుంది.

"గుడ్లు బాగుండాయా?" అన్నాడు. నా గడ్డం సంగతి అడగలేదు.

మా వైపు దిగుడు కనబడితే ఇంజన్ ఆపని మనిషి అరుదు. అందరూ చేసేది కనుక దాన్ని ఎవరూ నోరు తెరిచి చెప్పరు. ఆ పుస్తకాలు రాసినవాళ్లు మైళ్ల తరబడి క్లచ్ పట్టుకుని దిగే మనిషిని కలలో కూడా ఊహించి ఉండరు.

జబ్బు ఇదీ. గేర్‌బాక్సు ఇరుసు లోపల డొల్లగా ఉంటుంది. అందులో నుంచి పుష్‌రాడ్ అనే సన్నటి కడ్డీ పోతుంది. లివరు పట్టుకుంటే ఒక తోపుడు ముక్క ఆ కడ్డీని నెడుతుంది, కడ్డీ క్లచ్ బిళ్లలను విడదీస్తుంది. బండి నిలబడి న్యూట్రల్‌లో ఉన్నప్పుడు లివరు పట్టుకుంటే ఇరుసు ఆగిపోతుంది, కడ్డీ కూడా తిరగదు. కాబట్టి నా షెడ్డులో అది అరవనే అరవదు. నడిచే బండిలో గేరు మార్చేటప్పుడు తిరుగుతుంది, అది క్షణం పని. ఈయన మాత్రం గేరులో ఉంచి దిగుడంతా పట్టుకుంటాడు. వెనక చక్రం ఇరుసును తిప్పుతుంది, దానితో పాటు కడ్డీ తిరుగుతుంది, తిరగని ఆ తోపుడు ముక్క మీద క్లచ్ స్ప్రింగుల బలమంతా మోస్తూ కొన మీద కొన రాసుకుంటుంది.

తిరిగి వచ్చి విప్పితే కడ్డీ కొన వేడికి నీలంగా మారి, పుట్టగొడుగులా పరుచుకుని ఉంది. ఇంకొన్నాళ్లు అలాగే తిరిగి ఉంటే క్లచ్ సరిగా విడిపోవడమే మానేసేది. బాషా భాయి గట్టి ఉక్కును లేతు మీద తిప్పి కొత్త కడ్డీ చేసి, కొనలు ఎర్రగా కాల్చి, నూనెలో ముంచి గట్టిపరిచాడు. తోపుడు ముక్క కూడా మార్చి, గ్రీజు పెట్టి బిగించాను. నారాయణప్పకు బండి ఇచ్చేముందు లివరు నా చేతిలో పట్టుకునే మాట్లాడాను.

"ఇంజన్ ఆపొద్దు. దీన్ని ముట్టుకోవద్దు. గేర్లో ఉంచి యాక్సిలేటరు వదిలెయ్. ఇంజనే బండిని పట్టుకుంటాది. నీ బ్రేకులు గూడా అరగకుండా మిగుల్తాయి."

"బ్రేకులు పెట్రోలు తాగవు గదప్పా!"

"సరే, బ్రోకరుకే ఇచ్చుకో," అన్నాను. ఆయన బండి ఎక్కి వెళ్లిపోయాడు.

గురువారం సాయంత్రం మళ్లీ వచ్చాడు. ముఖం చూడగానే నాకు నీరసం వచ్చింది.

"అరుపు పోయిందప్పా. ఇప్పుడు ఇంగో శబ్దం వస్తాండాది. దిగుడు పైనుంచి కింద దాకా ఆగదు."

"ఎట్ల?"

"డబ్ డబ్ డబ్ డబ్..."

నేను రెంచి కింద పెట్టాను. "నారాయణప్పా. అది ఇంజన్."

ఆయన బండి వైపు చూశాడు, నా వైపు చూశాడు. ఆ దిగుడులో ఆ బండి ఇంజన్ నడవగా ఆయన ఎన్నడూ విని ఉండలేదు.

"దిగుడులో ఇట్లే ఉంటాదా?"

"ఇట్లే ఉండాల."

తువ్వాలుతో సీటు తుడిచాడు. "అయితే ఆ బ్రోకరుకు రావద్దని ఫోను చేస్తా," అని పోస్టాఫీసు వైపు నడిచాడు. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు కుప్పం పల్లెలకు గుడ్లు ఆ బండి మీదే పోయాయి.

గ్రంథాలయానికి వెళ్లడం నేను మానలేదు. బండి ఎలా పనిచేస్తుందో ఈ రోజుకీ పుస్తకమే బాగా చెబుతుందని నా నమ్మకం. కాకపోతే ఎవరైనా శబ్దమని వస్తే, దాన్ని నోటితో చేసి చూపించనివ్వడం మానేశాను. "అది అరిచేటప్పుడు నీ రెండు చేతులు, రెండు కాళ్లు ఏం చేస్తాంటాయి? అది చెప్పు ముందు," అంటాను. బండికి రోగమొస్తే నన్ను అడుగుతావేమని కొందరు కసురుకుంటారు. కసురుకోనీ. వాళ్లు చెప్పేదాకా నేను ఒక్క బోల్టు కూడా విప్పను.