ఒంటికాలి పక్షి

మా అమ్మాయి డిగ్రీలో జువాలజీ చదువుతోంది. కాలేజీ ప్రాజెక్టు కోసం కొండమీది పక్షుల అడుగుజాడలు గుర్తుపట్టి రాయాలంది. నేను ఆత్మకూరులో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెప్పే పంతుల్ని. నన్ను కాకుండా ఇంకెవరిని అడగాలి? అది మాత్రం ఉదయగిరిలో చెక్క గరిటెలు చేసే నా చిన్ననాటి స్నేహితుడికి ఫోన్ చేసింది. కొయ్య కోసం ఏళ్ళ తరబడి కొండలెక్కిన మనిషి వాడు.

"మామకు తెలిసినంత నీకు తెలీదులే నాన్నా" అని నా మొహం మీదే అంది.

ముగ్గురం ఉదయగిరి కొండమీది పాత దుర్గమెక్కాం. ముందురోజు వాన పడడంతో పైన కూలిన గోడల మధ్య నీటిగుంటల చుట్టూ బురద మెత్తగా ఉంది. వాడు గొంతుక్కూర్చుని మొదలుపెట్టాడు.

"ఇది కౌజుపిట్ట. వెనకేలు చుక్క మాదిరి ఆనింది, అంతే. ఇదేమో గువ్వ. వెనకేలు పొడుగు. పాదాలు లోపలికి తిప్పి నడిచినాది చూడు."

అమ్మాయి నోట్‌బుక్కులో బొమ్మలు వేసుకుంటోంది. నేనూ ఊరుకోలేక ఒక అడుగు చూపించి కాకి అన్నాను.

"కాకి కాదులేరా, గోరింక. కాకి పాదం ఇంకా పెద్దదుంటాది."

అమ్మాయి మారుమాట లేకుండా కాకిని కొట్టేసి గోరింక అని రాసింది. దాచుకోవడమెందుకు, నా కడుపు భగ్గున మండింది. నేను కన్న పిల్ల, నేను నేర్పిన అక్షరాలతో వాడి మాటలు రాసుకుంటోంది.

నెమలి అడుగులున్నాయని వాళ్ళిద్దరూ గోడ అవతలికి వెళ్ళారు. మా టిఫిన్ సంచిలో చెక్క ఫోర్కు ఉంది. మూడు పళ్ళు బురదలో అదిమితే ముందువేళ్ళు, కాడ చివర గుచ్చితే వెనకేలు. వరసగా ఏడు అడుగులు వేసి, చెయ్యి తుడుచుకుని, ఏమీ ఎరగనట్టు రాయి మీద కూర్చున్నాను. వాడు తప్పు చెబితే చాలు, తర్వాత సంగతి తర్వాత.

వాడు తిరిగొచ్చి ఆ అడుగుల ముందు చాలాసేపు కూర్చున్నాడు. ఒక్కసారి నా వైపు చూశాడు.

"ఇది నాకు తెలీదమ్మా. మీ నాయన్నడుగు."

అమ్మాయి పెన్ను పట్టుకుని నా వైపు తిరిగింది. పొద్దున్నుంచి ఆ చూపు కోసమే నేను ఏడుస్తున్నాను.

"అడవికోడి" అన్నాను.

అది రాసుకుంది. కింద 'నాన్న గుర్తించినది' అని కూడా రాసింది.

దిగేటప్పుడు అమ్మాయి ముందు నడుస్తోంది. వాడు నా పక్కకొచ్చి చెయ్యి చాపాడు.

"ఆ ఫోర్కు ఇట్లియ్యి. నడిమి పన్ను వంకర పోయుండాది, సరిచేసిస్తాను."

ఇచ్చాను. ఆ ఫోర్కు వాడు చేసిందే.

"పక్షికి రెండు కాళ్ళుంటాయిరా. ఏడూ కుడికాళ్ళే ఏసినావే" అన్నాడు మెల్లగా, అమ్మాయికి వినపడకుండా.

అప్పుడే అమ్మాయిని పిలిచి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. ఆ నోట్‌బుక్కు ఇప్పటికీ మా ఇంట్లోనే ఉంది. అందులో నా పేరు మీదున్న పక్షి అదొక్కటే.