ఎవురు పోయినారు సారూ?

నిన్న నంద్యాలలో, మా పాప ఫోనులో వయొలిన్లు నెమ్మదిగా మోగగానే సిగ్గుతో నా చెవులు వేడెక్కాయి.

ఆళ్లగడ్డలో ఇంగ్లీషు టీచరైన మా నాయన, ఇంగ్లండువాళ్లే మరిచిపోయిన ఒక సంగీతకర్త కోసం సాయంత్రాలు రేడియో తిప్పేవాడు. పెద్ద నాయకులు పోతేనే రేడియోలో ఇలాంటి ఏడుపు వయొలిన్లు వేస్తారని చిన్నప్పుడు నా నమ్మకం. ఒకరోజు అవి వినబడగానే వీధిలోకి పరిగెత్తాను.

"ఎవురో పెద్దాయన సచ్చిపోయినాడు! రేపు బడి ల్యా!"

ఎదురింటి సుబ్బన్న అంగడి మూసి మరీ వచ్చాడు. "ఎవురు పోయినారు సారూ?"

"ఎవురూ పోలేదప్పా. ఇది ఉత్త సంగీతమే," అన్నాడు నాయన, తల దించుకుని.

వీధంతా నవ్వింది. ఆ రోజు నుంచి నాయన రేడియోను చెవికి ఆనించుకునే వినేవాడు.

నా మొహం చూసి పాప అడిగింది: "సౌండ్ తగ్గించల్లా నాయనా?"

"పెంచు," అన్నాను.