రెండు వేళ్ల వదులు

అద్దానికి తెలియని నిజం దర్జీకి తెలుస్తుంది. అద్దం ముందు నిలబడ్డ మనిషి పొట్ట లోపలికి లాక్కుని, ఊపిరి బిగబట్టి, తనకు నచ్చిన తనను చూసుకుంటాడు. దర్జీ ముందు ఆ బిగింపు ఎంతోసేపు నిలవదు. టేపు పట్టినవాడు నాలుగు మాటలు కలిపితే చాలు, ఊపిరి తనంతట తానే జారిపోతుంది. ఆ జారిన క్షణాన కనబడిన అంకెను పుస్తకంలో రాసుకోవడమే టేపు మాస్టారు ఇరవై ఎనిమిదేళ్లుగా చేస్తున్న పని.

అన్నం తినేటప్పుడు కూడా మెడలో టేపు తీయడు గనుక ఆ పేరు స్థిరపడింది. అసలు పేరుతో పిలిచేవాళ్లు తగ్గిపోయారు. దుకాణం చిన్నది. రెండు కుట్టుమిషన్లు, కత్తిరించే బల్ల, నిలువుటద్దం, వెనక ఒక పరదా. మిషను మీద వంగి వంగి అతని ఛాతీ గుంటపడింది, భుజాలు ముందుకు వాలాయి. పరాయి చొక్కాలకు అతనిచ్చే ఆకారం అతని చొక్కాకు ఏనాడూ రాలేదు. నలభై ఆరో ఏట ఒక మధ్యాహ్నం, ఎవరికో కోటు తొడిగి చూపిస్తూ, ఆ మనిషి భుజం మీదుగా అద్దంలో తనను చూసుకున్నాడు. కొక్కానికి తగిలించిన చొక్కాలా ఉన్నాడు. ఆ సాయంత్రమే ఫోనులో కండలు పెంచే మార్గం వెతకడం మొదలుపెట్టాడు.

ఫోనులో గురువులకు కరువు లేదు. ఒకడు గుడ్లు పచ్చివే మింగమన్నాడు. ఒకడు గుడ్డు ముట్టుకుంటే సర్వనాశనమన్నాడు. ఒకడు ముప్పై రోజులు చాలన్నాడు. వాడి పక్కవాడు ఇరవై ఒకటికే ఒప్పుకున్నాడు. అందరి గొంతులోనూ ఒకటే నిశ్చయం. నిశ్చయంగా మాట్లాడటం తెలిసినవాడికీ తెలియనివాడికీ సమానంగా అబ్బే విద్య కనుక దానివల్ల ఏమీ తేలదు. చెప్పినవాడి గుణం తెలిస్తే మాట విలువ తెలుస్తుందంటారు. ముఖపరిచయం కూడా లేనివాడి గుణం ఎలా తెలిసేది? మాస్టారు మాటలు వినడం మానేసి వాళ్ల బట్టలు చూశాడు.

చూసినదాన్ని ఆదివారం దుకాణానికి వచ్చిన తోడల్లుడికి చూపించాడు. తోడల్లుడంటే భార్య చెల్లెలి భర్త. లిఫ్టులు బాగుచేస్తాడు, వయసులో పదేళ్లు చిన్నవాడు.

"ఇటు చూడు తమ్ముడూ. ఇది కండ పెరగకముందు ఫొటో, ఇది పెరిగాక. ఈ చంక దగ్గర ముడత ఎటు లాగుతోంది?"

"వెనక్కి."

"ఎవరు లాగుతున్నారు?"

"వెనకాల ఎవరూ లేరే!"

"ఎవరూ లేకపోతే పిన్ను ఉన్నట్టు. వీపు మీద చిటికెడు గుడ్డ పట్టి పిన్ను గుచ్చితే ముందు ఛాతీ పొంగుతుంది. కొట్లో బొమ్మలకు తొడిగేది ఇలాగే. గుండీకీ గుండీకీ మధ్య దూరం చూడు, అది మారదుగా. దాంతో లెక్కేస్తే వీడి ఛాతీ టేపు మీద ఒక్క గీత కూడా పెరగలేదు."

తోడల్లుడు పడీ పడీ నవ్వాడు. "మీ కంటికో దండం అన్నయ్యా! వీడు వేలమందిని బొమ్మల్ని చేస్తుంటే, మీరు వీణ్ణే బొమ్మని చేసేశారు."

ఇలా పాతికమందిని తోసిపుచ్చాక ఒకడు మిగిలాడు. ఉక్కుపిండం అని పేరు పెట్టుకున్నాడు. పేరులో తప్ప మరెక్కడా ఆర్భాటం లేదు. ప్రతి నెలా ఒకటో తేదీన అదే గోడ ముందు, అదే వెలిసిన బనియనుతో నిలబడి కొలతలు చూపించేవాడు. ఒక నెల పావు అంగుళం తగ్గితే అదీ చూపించాడు. ఫోనులో తాను నడిపే గుంపులో ఎవరైనా అడిగినదానికి జవాబు తెలియకపోతే "తెలియదు" అని రాసేవాడు. మాస్టారు పది రోజులపాటు ఆ బనియనులో మోసం వెతికాడు. చంక అంచు నెలనెలా కొద్దికొద్దిగా సాగుతూ వచ్చింది. అలా సాగడాన్ని ఎవరూ నటించలేరు. "తప్పేమీ దొరకలేదు" అన్నాడు చివరికి. అతని నోట అది పొగడ్త కిందే లెక్క.

దొరికిన గురువును తనకే ఉంచుకుంటే ఈ కథే ఉండేది కాదు. తన కన్ను ఎంత గొప్పదో ఒకరికి తెలియాలన్న ఆశతో తోడల్లుణ్ణి కూడా ఆ గుంపులో చేర్పించాడు. ఇద్దరూ ఒకే రోజున మొదలుపెట్టారు. తోడల్లుడు పని దగ్గర ఉన్న జిమ్ముకు వెళ్లేవాడు. మాస్టారు పరదా వెనక రెండు పాత బొగ్గు ఇస్త్రీ పెట్టెలు ఎత్తేవాడు.

ఒకటో తేదీన తోడల్లుడు దుకాణానికి వచ్చి చెయ్యి చాపేవాడు. మాస్టారు జబ్బ కొలిచేవాడు. ఆ అంకె గుంపులోకి వెళ్లేది. చొక్కాకు కొలిచే దర్జీ టేపు కింద రెండు వేళ్లు పెడతాడు, గుడ్డకు గాలి ఆడాలని. ఆ రెండు వేళ్ల వదులు ముప్పాతిక అంగుళం. చర్మాన్ని కొలిచేటప్పుడు దానితో పని లేదు. అయినా అలవాటు కొద్దీ మొదటి నెల వేళ్లు పెట్టే కొలిచాడు. పదమూడు వచ్చింది. తర్వాతి నెల పదమూడుంబావు. మూడో నెల పదమూడున్నర. తోడల్లుడి చొక్కాల చేతులు పట్టక, కుట్లు విప్పి లోపలి మడతలోని గుడ్డను బయటికి వదలాల్సి వచ్చింది. ఆ కుట్లు విప్పింది మాస్టారే. అతని సొంత జబ్బ మాత్రం పది అంగుళాల దగ్గర పాతిన రాయిలా ఉండిపోయింది. సంగతేమిటని ఉక్కుపిండాన్ని అడిగితే, "నెలలో ఎన్ని రోజులు ఎత్తారో రాసి పంపండి" అని జవాబు వచ్చింది. మాస్టారు పంపలేదు. రాసుకున్న కాగితంలో పదకొండు రోజులే ఉన్నాయి.

ఆ మూడో నెలలోనే, అన్నం క్యారియరు తెచ్చిన భార్య చూస్తుండగా, తోడల్లుడు బరువైన కుట్టుమిషనును బల్లతో సహా ఎత్తి కిటికీ పక్కకు జరిపాడు. అతను వెళ్లాక ఆమె అంది:

"మా చెల్లి పెట్టిపుట్టిందండీ. ఇంట్లో బీరువా జరపాలంటే ఇంకొకరి కోసం చూడక్కర్లేదు."

"బండబలానికేముందే, ఎద్దుకూ ఉంటుంది."

"ఎద్దును వెక్కిరించే ముందు, పరదా వెనక ఆ ఇస్త్రీ పెట్టెలతో మీరు పడే పాట్లు చూసుకోండి. నాకు తెలీదనుకున్నారా?" అని నవ్వింది.

ఆమె నవ్వు అక్కడితో అయిపోయింది. అతనికి అవలేదు. మిషను తొక్కుతున్నా, కత్తెర పట్టినా అదే వినబడింది. దారిన పోయే మల్లుణ్ణి చూసి ఎవరూ కుళ్లుకోరు. అసూయకు దగ్గరితనం కావాలి, పోల్చుకునే వీలు కావాలి. ఒకే ఇంటి అల్లుళ్ల మధ్య ఆ రెండూ పుష్కలం. పైగా ఇక్కడ మరో ముల్లు ఉంది. ఆ కండ తాను వెతికిపెట్టిన గురువు చలవ. తన తెలివి అవతలివాడి చేతిలో పండింది.

నాలుగో నెల టేపు చుట్టేటప్పుడు ఒక వేలు తీసేశాడు. మోసం చేయాలని కాదు, సరిగ్గా కొలుద్దామనే అని తనకు తాను చెప్పుకున్నాడు. పదమూడున్నరకు ఒక గీత తక్కువ వచ్చింది. తోడల్లుడి మొహం వాడింది. ఆ వాడిన మొహం మాస్టారికి ఆ పూట అన్నంకంటే రుచించింది. అయిదో నెల రెండో వేలూ తీశాడు. ఆరో నెల టేపును చర్మంలో దిగేలా బిగించి లాగాడు. పదమూడు. మధ్యలో కుట్టుకు వచ్చిన తోడల్లుడి చొక్కాల చేతులను అవసరానికి మించి అర అంగుళం వదిలాడు. అవి జబ్బ మీద వేలాడాయి. టేపు తగ్గిందంటోంది, చొక్కా అవునంటోంది. ఒక సాక్ష్యాన్ని ఇంకొకటి బలపరిస్తే నిజమని ఒప్పుకుంటాం. రెండింటినీ ఒకే చెయ్యి తయారుచేసిందేమోనని అడగాలని తోచదు. జిమ్ములో మునుపటికంటే ఎక్కువ బరువు లేస్తూనే ఉన్నా, తోడల్లుడు తన చేతిని నమ్మలేదు. అన్నయ్య టేపును నమ్మాడు.

మూడు వారాల తర్వాత, మధ్యాహ్నం పూట, పని బట్టలతోనే వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"అన్నయ్యా, మీ అక్షరాలతో ఒక కాగితం కావాలి. ఈ ఆరు నెలల కొలతలు రాసివ్వండి. రేపు డాక్టరుకు చూపించాలి."

"డాక్టరెందుకు?"

తోడల్లుడు ఫోను అందించాడు. గుంపులో ఉక్కుపిండం రాసినది ఉంది. తిండీ వ్యాయామమూ సరిగ్గా ఉండి మూడు నెలలుగా కండ తగ్గుతోందంటే తన సలహా ఇక పనికిరాదని, బరువులు ఆపి వెంటనే డాక్టరుకు చూపించుకోమని. దాని కింద ఇంకో వాక్యం: "అన్నిటికంటే ముందు, టేపు పట్టేది ఎవరు?"

దానికి తోడల్లుడి జవాబు: "మా అన్నయ్య. దర్జీ. ఆయన కొలత తప్పదు."

తాను పాతికమందిని నిలదీసిన ప్రశ్న ఒక పరాయివాడి దగ్గర్నుంచి తనవైపే తిరిగి వచ్చింది. తోడల్లుడు తన తరఫున జామీను కూడా ఇచ్చేశాడు.

"మా నాన్నక్కూడా చేతి దగ్గరే మొదలైంది అన్నయ్యా," అన్నాడు తోడల్లుడు నేల చూస్తూ. "ముందు చొక్కా వదులైంది. ఏడాది తిరిగేసరికి చెంచా ఎత్తలేకపోయాడు. ఆ తర్వాత ఇంకో ఏడాదే ఉన్నాడు. మీ మరదలికి ఇంకా చెప్పలేదు. రేపు తేలాక చెబుదామని."

మాస్టారికి ఈ సంగతి తెలియదు. తోడల్లుడి తండ్రి అతని పెళ్లికి ముందే పోయాడు. పుస్తకం తెరిచి, తెల్లకాగితం తీసి, మొదటి నెల అని రాశాడు. పదమూడు. రెండో నెలదీ, మూడో నెలదీ రాశాడు. నాలుగో నెల దగ్గర కలం ఆగింది. ఆ కాగితం డాక్టరు బల్ల మీదికి వెళ్తే, దాన్నిబట్టి ఒక మనిషికి లేని రోగం వెతుకుతారు. నిజం చెబితే, ఇరవై ఎనిమిదేళ్ల టేపు ఇక ఇంట్లోవాళ్లకే చెల్లదు.

కలం మూశాడు. "చెయ్యి చాపు."

టేపు చుట్టి, కింద రెండు వేళ్లు పెట్టాడు. "చదువు."

"పద్నాలుగుంబావు." తోడల్లుడు ఉలిక్కిపడ్డాడు. "అదేంటి?"

వేళ్లు తీశాడు. "ఇప్పుడు?"

"పదమూడున్నర."

బిగించి లాగాడు. "ఇప్పుడు?"

"పదమూడు... ఒకే చెయ్యి కదా అన్నయ్యా! మూడుసార్లకి మూడేంటి?"

"మొదటి మూడు నెలలూ వేళ్లు పెట్టి కొలిచాను. తర్వాత తీసేశాను. పోయిన నెల ఇలా లాగాను. నీకు ఏ రోగమూ లేదు."

తోడల్లుడు చొక్కా చేతిని రెండు వేళ్లతో పట్టి సాగదీసి చూశాడు. "ఇదీ మీరేనా?"

"నేనే."

"లిఫ్టు గుంటలో దిగి తాడు పట్టుకున్న ప్రతిసారీ, ఈ చెయ్యి నిలుస్తుందా జారుతుందా అని మూడు వారాలుగా చచ్చి బతుకుతున్నాను. ఎందుకన్నయ్యా?"

మాస్టారి దగ్గర చాలా సమాధానాలు ఉండవచ్చు. ఒక్కటే బయటికి వచ్చింది. "నీకు పెరిగింది. నాకు పెరగలేదు."

తోడల్లుడు లేచి వెళ్లిపోయాడు. సగం రాసిన కాగితం బల్ల మీదే ఉండిపోయింది.

ఆ సాయంత్రమంతా మాస్టారు ఫోను ముందు కూర్చున్నాడు. గుంపులో తన పరువు తీసే నాలుగు వాక్యాల కోసం ఎదురుచూశాడు. అవి రావాలనే కోరుకున్నాడేమో కూడా. చివరికి వచ్చింది ఒక్కటే: "కొలతలో పొరపాటు జరిగింది. తగ్గలేదు, పెరిగింది." కింద ఉక్కుపిండం, "మంచిది. ఇకనుంచి ఒకే పద్ధతిలో కొలవండి" అని రాశాడు.

పొరపాటు. మోసం అని ఉండాల్సిన చోట ఆ మాట ఉంది. ముందు గుండె తేలికైంది. వెనకే పాత మంట లేచింది, ఇంతకు మునుపటికంటే ఎక్కువగా. జబ్బనైతే ఎలాగో ముప్పాతిక తగ్గించగలిగాడు. ఆ ఒక్క మాట రాయగలిగిన మనసును తగ్గించడానికి అతని మెడలోని టేపు చాలదు.

మర్నాడు అతను తన దగ్గరున్న తోడల్లుడి చొక్కాలు నాలుగింటికీ చేతులు మళ్లీ బిగించాడు. పాత కుట్టు ఉన్న చోట సూది బెజ్జాలు వరసగా కనబడుతూనే ఉన్నాయి. ఎంత ఇస్త్రీ చేసినా పోలేదు.

ఒకటో తేదీన తోడల్లుడు వస్తాడని అనుకోలేదు. వచ్చాడు. పలకరింపు లేదు. మాస్టారి మెడలోంచి టేపు తానే లాగి, ఒంటి చేత్తో తన జబ్బకు చుట్టుకుని, అంచును పళ్లతో పట్టి, వంగి చూసుకున్నాడు. టేపు కింద వేళ్లు లేవు.

"పదమూడు ముప్పావు. రాయండి."

మాస్టారు రాశాడు.

"ఇప్పుడు మీ చెయ్యి చాపండి."

"నాదెందుకు?"

"చాపండి."

చాపాడు. తోడల్లుడు టేపు చుట్టాడు. మాస్టారి గుంటపడిన ఛాతీ ఉబ్బి అలాగే నిలిచిపోయింది.

"ఊపిరి వదలండి అన్నయ్యా. నేను కొలిచేది జబ్బని, పొట్టని కాదు."

ఊపిరి వదిలాడు.

"పది. రాయండి."

తోడల్లుడి అంకె కిందే, అదే పేజీలో, మాస్టారు పది అని రాశాడు.