అడగకుండా మార్చిన స్క్రూ

పోయిన వారం లేత్ మిషన్ బెల్టు తెగిపోతే, అలవాటు కొద్దీ సంచీ చంకన పెట్టుకుని నారాయణగూడ దాకా నడిచాను. ఇన్నేళ్లుగా బెల్టులూ బేరింగులూ కొన్న దుకాణం లేదు. దాని చోట అద్దాల తలుపు, లోపల వరసగా చెక్క అరలు, ఒక్కో అరలో ఒక్కొక్కరు తల వంచుకుని చదువుకుంటున్నారు. ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో సర్కారు కొలువుల పరీక్షల కోసం వచ్చి అశోక్ నగర్ హాస్టళ్లలో ఉంటున్న పిల్లలు, పాపం, వాళ్లనేమనగలం? కాని అందులో ఒక అమ్మాయి పుస్తకాన్ని ముక్కుకు ఆనేంత దగ్గరగా పట్టుకుని చదువుతుంటే చూశాను, చూడగానే మా మామగారు గుర్తుకొచ్చారు. ఇక ఆ రోజంతా నా మనసు మనసులో లేదు. బెల్టు సంగతే మరిచి ఇంటికొచ్చేశాను.

నేను ఇల్లటం వచ్చిన అల్లుణ్ణి. చిక్కడపల్లిలో లైబ్రరీ వెనక సందులో మామగారిల్లు, ఆయనకు నా భార్య ఒక్కతే కూతురు. ఇల్లటం అల్లుడి బతుకు ఎట్లా ఉంటుందో మన ఈడు వాళ్లకు వేరే చెప్పాలా? కూర బాగుందంటే తిండిపోతు, బాగా లేదంటే పొగరుబోతు. సందులో ఎవరూ నన్ను పేరు పెట్టి పిలిచేవారు కాదు, అందరికీ నేను 'ఖరాదాయన అల్లుణ్ణే'. నేనేమో డిప్లొమా చదివి ఒక పెద్ద ఫ్యాక్టరీ టూల్ రూములో పనిచేస్తూ, మైక్రోమీటరు పెట్టి చూడనిదే దేన్నీ నమ్మని మనిషిని. ఆయనేమో ఏడో తరగతితో బడి మానేసి, చిన్నతనంలోనే ఒక ఉస్తాదు దగ్గర పని నేర్చుకున్న మనిషి. నేను చెప్పబోయే సంగతి జరిగేనాటికి మేమిద్దరం ఒకే కప్పు కింద ఆరేళ్లుగా ఉన్నాము కాని, ఆ ఆరేళ్లలో మాట్లాడుకున్న మాటలన్నీ పోగు చేస్తే ఒక పూట కబుర్లకు కూడా చాలవు.

ఇంటి వెనక రేకుల షెడ్డులో రెండు మిషన్లుండేవి. ఒకటి ఇనుప ముక్కను గిర్రున తిప్పుతూ చెక్కడానికి బల్ల మీద బిగించిన చిన్న లేత్, దాన్నే ఆయన పాత పద్ధతిలో ఖరాదు అనేవారు. రెండోది అంతకంటే చిన్న మిల్లింగ్ మిషన్, ఇనుప ముక్కల్లో గాళ్లు కోయడానికి. నారాయణగూడ అచ్చు ప్రెస్సుల నుంచి ఇరుసులకు తొడిగే బుష్షులు అరిగిపోయి వచ్చేవి, నల్లకుంట వైపు నుంచి ఫ్యాన్లవీ కుట్టు మిషన్లవీ వచ్చేవి. ఎవరూ కొలతలు రాసుకుని వచ్చేవారు కాదు. అరిగిన ముక్కను ఆయన చేతిలో పెట్టేవారు, ఆయన దాన్ని బొటనవేలితో రెండుసార్లు తడిమి, కాలిపర్ కాళ్ల మధ్య పెట్టి బిగువు చూసుకుని, అరిగిన మేరకు కలిపి కొత్తది తీసి ఇచ్చేవారు. అది తీసుకెళ్లి బిగిస్తే వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. నాకు ఆశ్చర్యం కన్నా, నిజం చెప్పొద్దూ, కాస్త కడుపుమంటగానే ఉండేది.

ఆదివారం వస్తే మాత్రం షెడ్డు నాది. లేత్ కింద పేరుకున్న రజనంతా ఊడ్చి, కిరసనాయిలుతో తుడిచి, నూనె వేసేవాణ్ణి. మిల్లింగ్ మిషన్‌కు బేరింగులు మార్చాను, మోటారు కింద రబ్బరు ముక్కలు వేసి వణుకు తగ్గించాను, బెల్టుకు రేకు కవరు కట్టాను. ఇంట్లో చిన్న మిషన్లు పెట్టుకున్న వాళ్లకు ఈ పిచ్చి తెలుస్తుంది; ఒక లూజు బిగిస్తే ఇంకో లూజు కనపడుతుంది, దాని వెంట పడితే అన్నం వేళ కూడా గుర్తుండదు. ఎంత చేసినా మామగారి నోట 'సరే' అన్న మాట తప్ప ఇంకోటి వచ్చేది కాదు. ఆ నోటి నుంచి ఒక్క మెచ్చుకోలు వినాలని ఆరేళ్లూ ఎదురుచూశాను, ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేముంది!

నా కంట్లో నలుసల్లా ఆ లేత్ అడ్డ స్క్రూ. పనిముక్క మీదికి, దాన్ని చెక్కే టూలును నెట్టేదీ వెనక్కి లాగేదీ అదే. దాని పిడి తిప్పితే కొంత మేర ఉత్తగా తిరిగి, ఆ తర్వాతే టూలు కదిలేది. ఆ ఉత్త తిరుగుడునే లూజంటాము. పైగా అది అంతటా ఒక్క తీరుగా లేదు. ఎక్కువగా నడిచే నడిమి భాగంలో స్క్రూ బాగా అరిగి పావు చుట్టు లూజు, చివర్లకు పోయేకొద్దీ తక్కువ. టూలు ఎంత జరిగిందో చూపే, పిడి పక్కనుండే అంకెల చక్రం ఏనాడో నున్నగా అరిగిపోయింది. కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, పనిచేసుకునే ఆయనకు లేని బాధ నాకు! ఆదివారం పూట ఆ పిడి పట్టుకుంటే చాలు, అన్నంలో రాయి తగిలినట్టుండేది.

ఒకసారి అత్తమ్మ తమ్ముడి కూతురి పెళ్లికని మామగారూ అత్తమ్మా పది రోజులు ఊరికి వెళ్లారు. నేను ఫ్యాక్టరీలో పెద్దాయన్ను బతిమాలి, డ్యూటీ అయ్యాక అక్కడి లేత్ మీద కొత్త స్క్రూ కోసుకున్నాను. దానికి సరిపోయే గన్‌మెటల్ నట్టు తీశాను, నల్ల చక్రం మీద తెల్లని అంకెలు పొదిగించాను. అన్నీ బిగించాక పిడి వేలితో తాకితే చాలు, టూలు కదిలేది. మిషన్‌కు ఆకుపచ్చ రంగు కూడా వేశాను. పాత స్క్రూ, నట్టు మళ్లీ ఎవరికి కావాలని, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, బండి మీద వచ్చిన కబాడీవాడికి ఇచ్చేశాను. మామగారిని ముందే అడుగుదామని ఒక్కసారైనా తోచలేదా అంటే, తోచింది. అడిగితే వద్దంటారేమోనని అడగలేదు.

వాళ్లు తిరిగొచ్చిన రోజు ఆయన్ను చెయ్యి పట్టుకుని షెడ్డులోకి తీసుకెళ్లాను. ఆయన పిడి మీద చెయ్యి వేసి ముందుకు తిప్పారు, వెనక్కి తిప్పారు, మళ్లీ ముందుకు తిప్పారు. ఆ తర్వాత "మంచిగ జేసినవ్ బిడ్డా" అన్నారు. ఆరేళ్లుగా ఎదురుచూసిన మాట! ఆ పూట నేను నేల మీద నడిచానా? సందు చివర పాన్ డబ్బా దాకా వెళ్లి, అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పుకొచ్చాను.

ఆ వారమే ఆయన చేతిలో పని చెడిపోవడం మొదలైంది. మొదట ఒక ప్రెస్సువాళ్ల బుష్షు సన్నబడింది. ఇంకో ముక్క తీసుకుని మళ్లీ చేశారు, అదీ సన్నబడింది. కొత్త కదా, చెయ్యి కుదురుకోవాలని నేనే పెద్దమనిషిలా ధైర్యం చెప్పాను. నాలుగో రోజు సాయంత్రం నేను డ్యూటీ నుంచి వచ్చేసరికి షెడ్డులోంచి ఢామ్మని చప్పుడు. పరిగెత్తి చూస్తే, టూలు అవసరానికి మించి లోపలికి దిగి ముక్కను కొట్టిందట, ముక్క ఎగిరి రేకు గోడకు తగిలి కింద దొర్లుతోంది. దేవుడి దయ వల్ల ఆయనకేమీ కాలేదు. కాని ఆ మనిషి స్విచ్చి కోసం గోడంతా తడుముకుంటున్నారు, స్విచ్చి చూస్తే ఆయన ముఖానికి ఎదురుగానే ఉంది.

షెడ్డు గడప మీద బియ్యం చాట పట్టుకుని కూర్చున్న అత్తమ్మ చాట కింద పడేసి నా మీద విరుచుకుపడింది. "ఏం జేసినవ్ అల్లుడా! ఆయనకు కండ్లు కానరాక మూడేండ్లాయె. చెయ్యి గుర్తుతోనే నడిపిస్తున్నడు. మీకెర్కైతె ఖరాదు కాడికి రానియ్యరని నాతోని ఒట్టేయించుకున్నడు."

పేపరు నా భార్యతో చదివించుకోవడం, చీటీలేవైనా వస్తే అద్దాలు లోపల మరిచానని నాకివ్వడం, ఎండాకాలమైనా అత్తమ్మ ఆ గడప వదలకపోవడం, అన్నీ అప్పుడు ఒక్కొక్కటే గుర్తుకొచ్చాయి. ఇన్నేళ్లూ చూస్తూనే ఉన్నాను. స్క్రూలో పావు చుట్టు లూజు కనిపెట్టిన మొనగాడికి ఇంట్లో మనిషి చూపు పోతున్న సంగతి కనపడలేదు, నా చదువు తగలెయ్య!

మామగారు కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. బల్ల అంచు పట్టుకుని నిలబడి, పిల్లవాడికి పాఠం చెప్పినట్టు నెమ్మదిగా చెప్పారు. "నడిమిట్ల లూజు ఎక్కువుంటది, చివర్ల తక్కువుంటది. పిడి ఎంత ఉత్తగ తిరుగుతదో దాన్ని బట్టి టూలు ఏడున్నదో నాకు ఎర్కైతది బిడ్డా. నువ్వు అంతట ఒక్క తీరు జేసినవ్." ఆ తర్వాత పాత స్క్రూ ఎక్కడుందని అడిగారు. కబాడీవాడికి ఇచ్చానని చెప్పేటప్పుడు నేను ఆయన ముఖం వైపు చూడలేకపోయాను. చూసినా చూడకున్నా ఆయనకు తెలియదన్న సంగతి కూడా అప్పుడు గుర్తు లేదు.

మర్నాడే కంటి డాక్టరు దగ్గరకు తీసుకెళ్లాము. లోపల నరం ఎండిపోయిందనీ, పోయిన చూపు తిరిగి రాదనీ, రెండేళ్ల ముందు తెచ్చి ఉంటే ఎడమ కన్ను కొంతైనా నిలిచేదనీ డాక్టరు చెప్పాడు. ఒక విధంగా మంచిదే జరిగింది, లేకపోతే నాన్న ఏనాడో వేళ్లు పోగొట్టుకునేవాడని నా భార్య నన్ను ఓదార్చింది. ఆ మాట నిజమే. నిజమైనా నా గుండె బరువు వీసమెత్తు తగ్గలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఆ మనిషికి మిగిలిన ఒకే ఒక్క చూపును నేనే ఊడబెరికి తుక్కులో వేశాను.

సెలవు పెట్టి మూడు రోజులు లోయర్ ట్యాంక్ బండ్ వైపు తుక్కు దుకాణాలన్నీ తిరిగాను. ఇనుప గుట్టల్లో చేతులు పెట్టి వెతుకుతుంటే వాళ్లు నన్ను పిచ్చివాణ్ణి చూసినట్టు చూశారు. స్క్రూ దొరకలేదు. అప్పుడు, మన పనివాళ్లు వింటే నవ్వుతారు, ఇంజను వాల్వులు అరగదీసే గరుకు పేస్టు తెచ్చి, నేను అంత ముచ్చటపడి కోసిన కొత్త స్క్రూకు పూసి, నడిమి భాగంలోనే ముందుకూ వెనక్కూ వారం రోజులు తిప్పాను. లూజు తీసేయడమే చదువుగా చదివినవాణ్ణి, చేతులు బొబ్బలెక్కేలా లూజు తెస్తున్నాను. పేస్టంతా కిరసనాయిలుతో కడిగి చూస్తే, పిడి నడుమ పావు చుట్టు ఉత్తగా తిరిగింది. సరిగ్గా పాతదానిలాగే ఉందని నన్ను నేను నమ్మించుకున్నాను.

మామగారు వచ్చి పిడి మీద చెయ్యి వేశారు. ఒకసారి ముందుకు, ఒకసారి వెనక్కి తిప్పారు, అంతే. గాలిలో తడుముకుని నా భుజం పట్టుకున్నారు. "గిప్పుడు మంచిగున్నది బిడ్డా. ఇగ నువ్వే నడిపియ్యి" అన్నారు. ఒక చేత్తో గోడ పట్టుకుంటూ ఇంట్లోకి వెళ్లారు, మళ్లీ ఆ షెడ్డు గడప తొక్కలేదు. ఎన్నో ఏళ్ల అరుగుదల వారం రోజుల పేస్టుతో వస్తుందా? మొదటి తిప్పులోనే ఆయనకు తెలిసిపోయింది. నన్ను ఊరడించడానికే ఆ మాట అన్నారని నాకూ తెలిసింది. తెలిసి కూడా ఇద్దరం దాని మాట ఎత్తలేదు. ఆ తర్వాత ఆయన నాలుగేళ్లు బతికారు, వసారాలో కుర్చీ మీద, రేడియో పక్కన. నేను షెడ్డులో లేత్ వేస్తే రేడియో గొంతు తగ్గించేవారు. ఒక్కసారైనా వెళ్లి ఆయన పక్కన కూర్చుని, తప్పు చేశాను మామా అని చెప్పాల్సింది. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే ఉండగా పోయారు.

ఇప్పుడు కాలం మారింది. చిన్న చిన్న లేత్‌లకు కూడా అంకెలు వెలిగే డబ్బాలొచ్చాయి, టూలు ఎక్కడుందో అవే చెబుతాయి, చేతికి ఏమీ తెలియనక్కరలేదు. పది రూపాయల నట్టు ఫోనులో తెప్పించుకున్నా ఎట్లా ఉంది, నచ్చిందా అని ఆ ఫోనే పదిసార్లు అడుగుతుంది. ముక్కూ మొహం తెలియని వాళ్లు అడుగుతున్నారు. మా కాలంలో ఒక ఇంట్లో ఉండి, ఒక మిషన్‌కు రెండు వైపులా నిలబడి, అడగకపోవడమే మర్యాద అనుకున్నాము. ఆ ఆరేళ్లలో ఏదో ఒక ఆదివారం, ఈ స్క్రూ మార్చనా మామా అని నేను ఒక్క మాట అడిగి ఉంటే, ఆయన వద్దనేవారు. ఎందుకని అడిగేవాణ్ణి. చెప్పేవారేమో.