శివరాత్రి మర్నాటి పుట్టినరోజు

నా చిన్నప్పుడు మా వీధిలో సగం మంది పిల్లలు జూన్ నెలలోనే పుట్టారు. కాగితాల మీద సంగతి చెబుతున్నాను. బడులు తెరిచేది జూన్‌లో. ఒకటో తరగతిలో చేరాలంటే ఐదేళ్లు నిండాలి. ఇళ్లల్లో మంత్రసాని చేతుల మీద పుట్టిన పిల్లలకు పుట్టిన తేదీ రాసిన కాగితమంటూ ఉండేది కాదు. అందుకని హెడ్మాస్టరు తల్లిదండ్రుల ముఖం చూసి, పిల్లను ఒకసారి ఎగాదిగా చూసి, ఐదేళ్లు వెనక్కి లెక్కపెట్టి, జూన్‌లో ఏదో ఒక తేదీ వేసేవాడు. చిక్కడపల్లిలో మా చుట్టుపక్కల పిల్లలకు ఆ తేదీలు వేసిన హెడ్మాస్టరు మా తాతయ్యే.

తాతయ్య కోస్తా నుంచి ఉద్యోగం మీద వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. తొంభైల మొదట్లో, నాకు పన్నెండేళ్లు వచ్చేసరికి, ఆయన రిటైరై చాలాకాలమైంది. అయినా వీధిలో అందరూ ఆయన్ని సారు అనే పిలిచేవారు. కిరాయి ఇంటికైనా, రేషన్ కార్డుకైనా ఆయన సంతకం పెట్టిన కాగితం చాలని మా వీధివాళ్ల నమ్మకం. ఆ నమ్మకం వాళ్లకన్నా ఆయనకే ఎక్కువగా ఉండేదని ఇప్పుడు అనిపిస్తుంది.

మా పక్కింటి అక్క కథ కూడా అలాంటి ఒక జూన్ తేదీతోనే మొదలైంది. వాళ్ల నాన్నకు నారాయణగూడలో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణం ఉండేది. వాళ్లమ్మ కూడా అక్కడే కూర్చుని కాగితాలు మడత పెట్టేది. నాలుగేళ్ల పిల్ల వాళ్ల కళ్లు కప్పి రోడ్డు మీదికి, బస్సుల మధ్యకు పరిగెత్తేది. ఎన్నిసార్లు పట్టుకొచ్చినా మళ్లీ అదే పరుగు. ఒకరోజు వాళ్ల నాన్న ఆ పిల్లను చంకనేసుకుని తాతయ్య దగ్గరికి వచ్చి, బడిలో పడితే ప్రాణాలతో ఉంటుందని బతిమాలాడట. శివరాత్రి మర్నాడు తెల్లవారి పుట్టిన పిల్ల. ఐదేళ్లు నిండడానికి ఇంకా ఎనిమిది నెలలు ఉంది. తాతయ్య జాలిపడి, పుట్టుకను ఆ ఎనిమిది నెలలూ వెనక్కి జరిపి, జూన్‌లో ఒక తేదీ వేసి చేర్చుకున్నాడు.

అసలు రోజును మాత్రం ఆయన మరిచిపోలేదు. ప్రతి ఏడూ శివరాత్రి మర్నాడు పొద్దున్నే పటికబెల్లం పొట్లం పట్టుకుని పక్కింటి గుమ్మంలో నిలబడేవాడు. నీ పుట్టినరోజు మార్చింది నేను కనుక గుర్తుపెట్టుకోవలసిందీ నేనే అనేవాడు. అక్క నవ్వుతూ ముక్క నోట్లో వేసుకుని, మిగతాది నా చేతిలో పోసేది.

బడిలో పడ్డాక కూడా ఆమె పరుగు ఆగలేదు. కాలేజీకి వచ్చేసరికి ఎనిమిది వందల మీటర్ల పందెంలో ఆమెను దాటినవాళ్లు జిల్లాలో లేరు. తెల్లవారుతూనే విద్యానగర్ వైపు యూనివర్సిటీ గ్రౌండుకు పోయేది. సాయంత్రం మా డాబా మీదికి వచ్చి గోడకు ఆనుకుని కాళ్లు చాపుకునేది. అప్పుడు తాతయ్య ఆటల చరిత్ర చెప్పేవాడు. లైబ్రరీలో చదివొచ్చినదంతా మా ఇద్దరికీ ఒప్పజెప్పకపోతే ఆయనకు నిద్ర పట్టేది కాదు.

వేల ఏళ్ల కిందట గ్రీసు దేశంలో ఊళ్లకు ఊళ్లు యుద్ధాలు పక్కన పెట్టి ఒక మైదానానికి చేరేవట. మొదట్లో ఉన్నది ఒక్క పరుగు పందెమేనట. గెలిచినవాడికి ఆకుల కిరీటం ఒకటే, రెండో స్థానానికి ఏమీ లేదట. పిల్లల పందేలకు వయసు కాగితాలు ఎక్కడివి, న్యాయాధికారులే కుర్రాణ్ణి నిలబెట్టి కంటితో చూసి నిర్ణయించేవారట. ఇది చెప్పేటప్పుడు, నేనూ అదేగా చేసింది అన్నట్టు తాతయ్య కొంచెం గర్వంగా నవ్వేవాడు. పందేలకు ముందు ప్రమాణం ఉండేదట. పరిగెత్తేవాడు ఒక్కడే కాదు, వాడి తండ్రి, అన్నదమ్ములు కూడా దేవుడి విగ్రహం ముందు పందిమాంసం ముక్కల మీద మోసం చేయబోమని ప్రమాణం చేయాలట. పందిమాంసం అనేచోట ఆయన మెట్లవైపు చూసి గొంతు తగ్గించేవాడు, నాయనమ్మ వింటుందని. మోసం చేసి దొరికినవాళ్ల పేర్లు మైదానం దారిలో, విగ్రహాల కింద, వచ్చేపోయేవాళ్లందరూ చదివేలా చెక్కించేవారట.

"గప్పుడు ఆడోళ్లు ఉర్కకపోయేదా సార్?" అని అక్క ఒకసారి అడిగింది.

ఆడపిల్లలకు వేరే రోజున వేరే పందెం ఉండేదని, జుట్టు విరబోసుకుని పరిగెత్తేవారని తాతయ్య చెప్పాడు. తర్వాత ఎప్పుడో ఒక చక్రవర్తి కాలంలో ఆటలన్నీ ఆగిపోయాయట. ఏటి ఒండ్రు వచ్చి ఆ మైదానాన్ని పూడ్చేసిందట. పదిహేను వందల ఏళ్లకు గానీ మళ్లీ ఒలింపిక్స్ అంటూ మొదలు కాలేదు. మొదలైన ఏడు ఆడవాళ్లను రానే ఇవ్వలేదు. తర్వాత తర్వాత రానిచ్చినా, అక్క పరిగెత్తే ఎనిమిది వందల మీటర్లను ఒక్కసారి పెట్టి, ఆడవాళ్లు అలిసి పడిపోయారని వంక పెట్టి, ముప్పై ఏళ్లకు పైగా ఎత్తేశారు. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తల్లో ఆసియా దేశాలన్నీ కలిసి మన ఢిల్లీలోనే ఆటలు జరుపుకున్నాయని చెప్పినప్పుడు అక్క చాపిన కాళ్లు దగ్గరికి తీసుకుని కూర్చుంది. ఆ దారిలో తనూ ఎక్కడో ఒకచోట ఉండబోతున్నానని ఆమెకు అప్పుడే తోచిందేమో.

నిజంగానే ఉండబోయింది. ఆ ఏడు ఆసియా దేశాల జూనియర్ పోటీలకు పంపే జాబితాలో ఆమె పేరు వచ్చింది. వయసుకు ఒక హద్దు పెట్టారు. ఫలానా ఏడు జనవరి ఒకటి తర్వాత పుట్టినవాళ్లే అర్హులు. శివరాత్రి మర్నాటి లెక్కన చూస్తే అక్క హద్దు లోపలే ఉంది. పదో తరగతి మెమోలో ఉన్న జూన్ లెక్కన చూస్తే, హద్దు బయట ఉంది.

వాళ్ల నాన్న మెమో పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. "మెమోల ఏమున్నదో గదే రాస్తం సార్. ఈసారి పోకుంటె పాయె. వచ్చే యేడు పెద్దోళ్ల పోటీలల్ల ఉర్కుతది" అన్నాడు. అక్క తాతయ్య ముఖంలోకే చూస్తూ నిలబడింది. ఈ ముగ్గురిలో లోకం తెలిసినవాడు ఆ బైండింగ్ ఆయన ఒక్కడేనని నాకు అర్థం కావడానికి చాలా ఏళ్లు పట్టింది.

తాతయ్య ఒప్పుకోలేదు. నిజం మన వైపున ఉండగా అబద్ధం ఎందుకు రాయాలన్నాడు. దరఖాస్తులో అసలు తేదీయే రాయించాడు. తప్పు తేదీ వేసింది తనేనని ఒప్పుకుంటూ ఒక ఉత్తరం కూడా జతచేద్దామన్నాడు. ఆయన చేయి అప్పటికే వణుకుతోంది. నా రాత గుండ్రంగా ఉంటుందని నన్ను కూర్చోబెట్టి చెబుతూ పోయాడు. నేను గీతల కాగితం మీద ఒక్క కొట్టివేత లేకుండా రాశాను. చివర ఆయన సంతకం పెట్టాడు. ఆ గ్రీసు తండ్రుల పక్కన తానూ ప్రమాణానికి నిలబడ్డాననే అనుకుని ఉంటాడు.

పదిహేను రోజులకు పిలుపు వచ్చింది. బషీర్‌బాగ్‌లో ఒక పాత మేడ మీద ఆ ఆటల సంఘం ఆఫీసు. వాళ్ల నాన్న దుకాణం వదిలి రాలేకపోయాడు. తాతయ్య, అక్క, సెలవు రోజని నేను, ముగ్గురం వెళ్లాం. తాతయ్య ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. చేతిసంచిలో అక్క జాతకం రాసిన నోటుపుస్తకం కూడా పెట్టుకున్నాడు.

బల్ల వెనక కూర్చున్న పెద్దమనిషి చెడ్డవాడు కాదు. తాతయ్యకు కుర్చీ వేయించాడు, చాయ్ తెప్పించాడు. జాతకం పుస్తకాన్ని తెరవకుండానే పక్కకు జరిపాడు. మా ఉత్తరం తీసి అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది ఎవరు రాసిన్రు?" అని అడిగాడు. నేను తరగతిలో లేచినట్టు చేయెత్తి, నేనేనండీ అన్నాను. గర్వంగానే అన్నాను. ఆయన నవ్వి, పక్కన కూర్చున్న గుమాస్తాకు ఉత్తరం చూపించాడు, అతనూ నవ్వాడు. ఆ నవ్వుతో మా ఉత్తరం పని అయిపోయిందని అక్కకు తెలిసిపోయింది. ఆమె చేయి వచ్చి నా ఎత్తిన చేతిని మెల్లగా కిందికి దించింది.

"పెద్దాయనా, ఇక్కడికొచ్చేటోళ్లందరు వయసు తగ్గిచ్చే తెస్తరు. అప్పట్ల పెంచి రాసిన, ఇప్పుడు సక్కగ రాస్తున్న అని చెప్పినోణ్ని మిమ్మల్నే చూస్తున్న" అన్నాడాయన.

తాతయ్య లేచి నిలబడ్డాడు. ఏ దేవుడి మీద చెప్పమంటే ఆ దేవుడి మీద ప్రమాణం చేస్తానన్నాడు. శివరాత్రి జాగారం చేసిన తల్లికి తెల్లవారి పుట్టిన పిల్ల అన్నాడు. శివరాత్రి జనవరికి ముందు ఏ ఏడైనా వచ్చిందా అని అడిగాడు. ఆయన గొంతు అలా బతిమాలుతుండగా నేను అంతకు ముందెన్నడూ వినలేదు.

"ప్రమాణాలు ఇక్కడ నడవయి, కాగితమే నడుస్తది" అన్నాడు పెద్దమనిషి. తర్వాత రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టాడు. మెమో ఒకటి, ఉత్తరం ఒకటి. "ఒక్క మాట చెప్పున్రి. అప్పుడు రాసింది అబద్ధమా, ఇప్పుడు రాసింది అబద్ధమా? రెండూ మీరు రాసినయే గద."

ఎందరో పిల్లలకు జవాబులు నేర్పిన మనిషి ఆ చిన్న ప్రశ్న ముందు అలాగే నిలబడిపోయాడు. చాయ్ మీద మీగడ కట్టింది. కాసేపటికి అక్కే వచ్చి ఆయన మోచేయి పట్టుకుని, పోదాం సార్ అంది.

నారాయణగూడ మీదుగా నడిచే వచ్చాం. ఆటో ఎక్కుదామని ఎవరికీ తోచలేదు. ఊరి మొత్తం మీద అందరికన్నా వేగంగా పోగలిగిన పిల్ల, ముసలాయన అడుగుకు తన అడుగు కలిపి, రోడ్లు దాటిస్తూ నడిచింది. వాళ్ల దుకాణం ముందు నుంచి పోతున్నప్పుడు వాళ్ల నాన్న జిగురు చేతులతో బయటికి వచ్చి, మా ముఖాలు చూసి లోపలికి వెళ్లిపోయాడు. మార్కెట్ దాటాక తాతయ్య, నన్ను తిట్టమ్మా, ఒక్క మాటైనా అను అన్నాడు. అక్క ఆయన చేతిసంచి అందుకుని తన భుజానికి తగిలించుకుంది. తిట్టి ఉంటే ఆయన ఇంకొన్నాళ్లు బతికేవాడని మా నాయనమ్మ తర్వాత అనేది.

నెల తిరక్కుండా ఉత్తరం వచ్చింది. తప్పుడు తేదీతో దరఖాస్తు పెట్టినందుకు రెండేళ్లపాటు ఏ పోటీలోనూ పాల్గొనకూడదని రాశారు. మెమోలో ఉన్నదే రాసి ఊరుకుంటే ఒక్క పోటీ పోయేది. నిజం రాసినందుకు అన్నీ పోయాయి. గ్రౌండులో కూడా ఆమెను వయసు దొంగిలించిన పిల్లగానే చూడటం మొదలుపెట్టారు. కొన్నాళ్లకు అక్క పొద్దున్నే లేవడం మానేసింది. బూట్లు వాళ్లింటి కిటికీలో వానకు తడిసి, ఎండకు ఎండి, ఒకరోజు కనిపించకుండా పోయాయి.

మళ్లీ శివరాత్రి వచ్చింది. మర్నాడు పొద్దున్నే తాతయ్య పటికబెల్లం పొట్లం పట్టుకుని పక్కింటికి వెళ్లాడు. నేను వెనకే ఉన్నాను. అక్క తలుపు తీసి పొట్లం వైపు చూసింది. ఆమె ముఖంలో కోపం లేదు, ఉంటే బాగుండేది.

"నేను జూన్ల పుట్టిన సార్. మెమోల గట్లనే ఉన్నది. ఇగ ఈ దినం పేరు తీయకున్రి" అంది.

తాతయ్య తల ఊపి వెనక్కి తిరిగాడు. పొట్లం నా చదువుకునే బల్ల మీద పెట్టి పడుకున్నాడు. ఆ తర్వాత డాబా మీద ఆటల కబుర్లు లేవు. లైబ్రరీకి పోవడమూ మానేశాడు. రెండేళ్లు గడిచి అక్క మీద నిషేధం తీరిన వేసవిలో ఆయన పోయాడు. అక్క వచ్చి కాళ్ల దగ్గర కూర్చుని చాలాసేపు ఏడ్చింది. గ్రౌండుకు మాత్రం పోలేదు.

ఆమె తర్వాత అశోక్‌నగర్‌లో కోచింగ్ తీసుకుని, అదే మెమో పెట్టి పరీక్ష రాసి, సర్కారు ఉద్యోగంలో చేరింది. ఇప్పుడు విద్యానగర్‌లో ఉంటుంది. ఒకసారి నారాయణగూడ స్టాపులో ఇద్దరం నిలబడి ఉండగా బస్సు కాస్త ముందుకు పోయి ఆగింది. జనమంతా దాని వెనక పరిగెత్తారు, నేనూ నాలుగడుగులు వేశాను. తిరిగి చూస్తే అక్క నిలబడ్డచోటే ఉంది. ఇంకోటి వస్తది లే అంది. ఇంకొన్నేళ్లకు ఆ జూన్ లెక్కనే రిటైరవుతుంది. అప్పుడు కూడా ఆ ఎనిమిది నెలలూ పోతాయి.

మంచి మనసుతో చేసిన తప్పు ఎవరి మీద పడుతుందో ఆ రోజు బషీర్‌బాగ్ ఆఫీసులో చూశాను. దాన్ని మంచి మనసుతోనే దిద్దబోతే ఏమవుతుందో కూడా చూశాను. ఏ దరఖాస్తులోనైనా పుట్టిన తేదీ గడి దగ్గర నా చేయి ఇప్పటికీ ఆగుతుంది. గుండ్రంగా రాయడం ఎప్పుడో మానేశాను.

తాతయ్య లేడు. అక్క తల్లిదండ్రులూ లేరు. ఆమె పుట్టిన రోజు తెలిసినదాన్ని ఇప్పుడు నేనొక్కదాన్నే మిగిలాను. ప్రతి ఏడూ శివరాత్రి మర్నాడు పటికబెల్లం పొట్లం కొని సంచిలో వేసుకుంటాను. విద్యానగర్‌లో వాళ్ల సందు మొదటిదాకా వెళ్లి నిలబడతాను. ఆమె ఆ దినం పేరు తీయవద్దంది కనుక తలుపు తట్టను. కాసేపు అలా నిలబడి, వచ్చిన బస్సెక్కి ఇంటికి వచ్చేస్తాను.