రంపం పంటికి పెట్టిన బొట్టు

మా చిన్నప్పుడు, దసరాకి ఇంకా నాలుగు రోజులుందనగా... తెల్లగా పగులుతున్న పత్తి చేల మధ్య నుంచి, ట్రాక్టర్ ట్రక్కులో ఊగుకుంటూ మా ఇంటికి ఒక రంపం మిషను వచ్చింది.

వినుకొండలో ఎవరో కర్రల అడితి మూసేస్తుంటే నాన్న కొన్నాడు. ఒక ఇనుప బల్ల, మధ్య చీలికలోంచి సగం పైకి తేలిన గుండ్రటి రంపం, కింద మోటారు, బెల్టు. పచ్చరంగు చాలావరకు లేచిపోయింది. నాకు మాత్రం అది బల్లలోంచి పొడుస్తున్న చందమామలా కనిపించింది...

మా నాన్న వడ్రంగి. దర్శి దగ్గర మా ఊళ్లో సేద్యానికి గొర్రులూ, గుంటకలూ, ఇళ్ళకి మంచాలూ, ద్వారబంధాలూ అన్నీ ఆయన చేతివే. ఆ ఏడు ఆయనకి కుడి భుజం పట్టేసింది. నాలుగుసార్లు రంపం లాగితే చెయ్యి కిందికి జారిపోయేది. కోత పని మిషను చేసిపెడితే మిగతాది ఎలాగో నెట్టుకురావచ్చని ఆయన ఆశ.

"పండగెళ్ళిందాకా చూస్తానమ్మా. ఇది దారికి రాకపోతే కొట్టు మూసేసి గుంటూరు పోతా. మిరగాయల కోల్డ్ స్టోరేజీలో వాచ్‌మన్ పని ఉందంట" అన్నాడు నాయనమ్మతో.

నేను చెక్కపొట్టు కుప్పలో కాళ్ళు దాచుకుని కూర్చుని విన్నాను. వేప, తుమ్మ, టేకు కలిసిన ఆ పొట్టు వాసనే నాకు నాన్న వాసన... ఆయన గుంటూరు వెళ్ళిపోతే ఈ కొట్టు పాకలో ఏ వాసన ఉంటుందో నాకు ఊహకి అందలేదు. చాలా భయమేసింది.

మిషనేమో మొండికేసింది. నేల ఎగుడుదిగుడుగా ఉందని కాళ్ళ కింద చెక్కముక్కలు పెట్టాడు. జారుతోందని బెల్టు మార్చాడు. ఒక మధ్యాహ్నమంతా కూర్చుని ఒక్కో పన్నూ ఆకురాయితో పదును పెట్టాడు. అయినా చెక్క సగం దాకా బుద్ధిగా వెళ్ళి, అక్కడ బిగుసుకుపోయేది. పొగ వచ్చేది. కోసిన అంచు కాలిన రొట్టెలా నల్లబడేది. ఒకసారైతే ముక్క వెనక్కి ఎగిరి నాన్న నడుము పక్కగా పోయి గోడకి కొట్టుకుంది. వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చిన అమ్మ, చాలాసేపు ఆయన చొక్కా పట్టుకుని వదల్లేదు.

"ఇరుసే వంగినట్టుంది. ఇంక ఇది తుక్కే" అన్నాడు నాన్న.

ఆయుధపూజ రోజు నాయనమ్మ ఉలులూ, చిత్రికలూ, సుత్తులూ అన్నీ కడిగి వరసగా పేర్చి, తడి కుంకుమ గిన్నె నా చేతిలో పెట్టింది. నేను ఉదారంగా పెద్ద పెద్ద బొట్లు పెట్టుకుంటూ పోయాను. మిషను దగ్గరికి వచ్చేసరికి గిన్నె అడుగున రవ్వంత మిగిలింది. దాన్ని రంపానికి ఒక పంటి మీద పెట్టేసి చేతులు దులుపుకున్నాను.

"ఏందే, ఒక్క పంటికే పెట్టావు? మిగతావాటికి కోపం రాదూ?" అంది నాయనమ్మ.

మర్నాడు పొద్దున్నుంచీ కరెంటు లేదు. నాన్న బెల్టు విప్పేసి, దిమ్మ మీద కూర్చుని, గుంటూరు బస్సు ఎన్నింటికో అమ్మని అడుగుతున్నాడు. నేను రంపాన్ని పక్కనుంచి వేలితో మెల్లగా తిప్పుతున్నాను... ఎర్ర బొట్టు వెనక లేచేది, పైకొచ్చేది, ముందువైపు బల్లలోకి మునిగిపోయేది, మళ్ళీ లేచేది. అలా ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

చెక్కని ఆనించి నెట్టే ఇనుప పట్టీ, రంపానికి బాగా దగ్గరగా జరిపి ఉంది. ఏమీ తోచక, బొట్టుకీ పట్టీకీ మధ్య ఒక అగ్గిపుల్ల దూర్చాను.

"చెయ్యి తియ్యవే!" అని అరిచాడు నాన్న.

"నాన్నా, బొట్టు ముందున్నప్పుడు పుల్ల దూరతా ఉంది. ఎనక్కి పోతే దూరట్లా..."

ఆయన లేచి వచ్చాడు. పుల్ల తీసుకుని తనే చూశాడు. మూడుసార్లు చూశాడు. అంతకుముందు ఆయనా కొలిచాడు గానీ, ముందు ఒక పన్ను దగ్గరా, వెనక ఇంకో పన్ను దగ్గరా కొలిచాడు. తేడా వస్తే ఇరుసు వంగిందనుకున్నాడు. ఇప్పుడు రెండు చోట్లా ఒకటే పన్ను... బొట్టు పెట్టుకున్న పన్ను. ఇరుసు వంగి ఉంటే ఆ ఒక్క పంటికి ముందూ వెనకా తేడా రాదు.

"ఇరుసు బానే ఉందే తల్లీ! ట్రాక్టర్ కుదుపులకి రంపం ఓరగా జరిగింది. అందుకే చెక్క ఎనకాల ఇరుక్కుంటంది!"

బల్ల కింద ఇరుసుని పట్టుకున్న బోల్టులు వదులు చేసి, ఎడంచేత్తో కొయ్యసుత్తి పట్టుకుని మెల్లగా తట్టాడు. "ముందు దూరింది" అని నేను... "ఎనకాల?" అని ఆయన... "ఇంకా లేదు నాన్నా"... చివరికి అగ్గిపుల్ల ముందూ వెనకా ఒకేలా దూరింది.

సాయంత్రం కరెంటు వచ్చేసరికి నాన్న బెల్టు మళ్ళీ ఎక్కించాడు. వేపచెక్క ఈ చివర పెడితే ఆ చివర రెండై బయటికొచ్చింది. పొగ లేదు, నలుపు లేదు. ఏటవాలు ఎండలో బంగారు పొట్టు లేచి, నాయనమ్మ తెల్లజుట్టు మీద వాలింది. నాన్న ఆ చెక్కని కంటికి దగ్గరగా పెట్టుకుని, అంచు వెంట ఒకసారి చూసి, ఏడ్చేశాడు. ఆయన ఏడవగా నేను చూసింది అదొక్కసారే. గుంటూరు బస్సు ఊసు మా ఇంట్లో మళ్ళీ ఎవరూ ఎత్తలేదు.

ఇప్పుడు నేను మంగళగిరిలో ఉంటున్నాను. మొన్న ఒక బల్ల అట్టపెట్టెలో వచ్చింది, పది స్క్రూలు బిగిస్తే అయిపోయింది. వాసన చూశాను... జిగురు వాసన తప్ప ఏమీ లేదు.

నాన్న కొట్లో కొత్త మిషను ఉంది. చెక్క మీద కొయ్యాల్సిన చోట ఎర్రటి వెలుగు గీత కూడా వేస్తుంది. అయినా దసరాకి వెళ్తే ఆయన తడి కుంకుమ గిన్నె నా చేతికే ఇస్తాడు. గిన్నె నిండుగా ఉన్నా నేను ఒక్క పంటికే పెడతాను.

మీ ఇంట్లో ఇలా బొట్టు పెట్టించుకున్న పనిముట్టు ఏదైనా ఉందా? దాని సంగతి చెప్పండి, వినాలనుంది...

బొట్టు పెట్టాక ప్రతిసారీ ఒక్క క్షణం ఆగుతాను. మిగతావాటికి కోపం రాదా అని అడగడానికి, నాయనమ్మ లేదు.