వీరవేణి చెప్పని నొప్పి

రొయ్యల షెడ్డులో పని నిలబడే చెయ్యాలి. ఐసు నీళ్లు పాదాల మీద కారుతుంటాయి, రొయ్య తల విరిచి ట్రేలో వేస్తూనే ఉండాలి. అంతర్వేది దగ్గర అలాంటి షెడ్డులో వీరవేణి పదకొండేళ్లుగా పనిచేస్తోంది. తెల్లారకముందే లోపలికి వెళ్లి, పొద్దు వాలాక బయటికి వస్తుంది. వయసు నలభై ఆరు. భర్త బంగారరాజుకు సముద్రం మీద వేట. కొడుకు కూడా తండ్రి బోటులోనే. కోడలు దుర్గ ఇంటర్ చదివింది.

మాఘంలో అంతర్వేది తీర్థం అయిన పది రోజులకు వీరవేణికి నొప్పి మొదలైంది. కుడి గజ్జలో. అడుగు వేస్తే లోపల ఎవరో పొడిచినట్టుండేది, కూర్చుంటే తగ్గేది. మంచం ఎక్కాలంటే కుడికాలిని రెండు చేతులతో ఎత్తి పైన పెట్టుకునేది. ఎక్కడే నొప్పి అని భర్త అడిగితే ఆ చోటు పేరు నోటికి రాలేదు.

"నడుం" అంది.

ఆ మాటే అందరికీ చేరింది. ఊళ్లో ఆరెంపీ డాక్టరు నరం పట్టేసిందని నాలుగు ఇంజక్షన్లు చేశాడు. షెడ్డులో పక్కన నిలబడే అచ్చమ్మ, కిడ్నీలో రాయి ఉంటే ఇలాగే కిందికి లాగేస్తుందని చెప్పింది. రాజోలులో స్కానింగ్ తీస్తే రాయి లేదు. నడుముకు ఎక్స్‌రే తీసి, పూసలు కాస్త అరిగాయని బెల్టు ఇచ్చారు. ఆ బెల్టు బిగించుకుని వీరవేణి ఇంకో రెండు నెలలు నిలబడింది.

జూలైలో ఒకరోజు షెడ్డు గట్టు దిగుతుంటే కుడికాలు ఒక్కసారి వదిలేసినట్టయింది. ఐసు పెట్టె పట్టుకుని ఒంటికాలి మీద అలాగే ఉండిపోయింది. మర్నాడు దుర్గ ఎవరి మాటా వినకుండా అత్తగారిని అమలాపురం బయల్దేరదీసింది. బంగారరాజు కూడా వచ్చాడు.

ఎముకల డాక్టరు రాజేంద్రప్రసాద్ అడిగిన వాటన్నిటికీ బంగారరాజే జవాబు చెప్పాడు.

"నడుం నొప్పండి. అయిదు నెల్లయ్యిందండి."

డాక్టరు ఆమెను బల్ల మీద పడుకోబెట్టి కుడికాలిని మెల్లిగా లోపలికి తిప్పాడు. వీరవేణి బల్ల అంచు పట్టుకుని పళ్లు బిగబట్టింది. ఆయన చెయ్యి ఆపేశాడు.

"బంగారరాజుగారూ, మీరు కాసేపు బయట కూర్చోండి."

తలుపు మూసుకున్నాక అడిగాడు. "ఇది నడుం నొప్పి కాదమ్మా. ఎక్కడో వేలు పెట్టి చూపించండి."

వీరవేణి దుర్గ వైపు చూసింది. తర్వాత చెయ్యి గజ్జ మీద పెట్టింది.

దుర్గ లేచి బల్ల దగ్గరికి వచ్చింది.

"జ్వరం గానీ మూత్రంలో మంట గానీ ఉన్నాయా? దగ్గితే అక్కడ ఉబ్బుతోందా? ఎప్పుడైనా కిందపడ్డారా?"

"లేదండి. ఏవీ లేవండి."

"నెలసరి ఆగిపోయిందా?"

"గర్భసంచి తీసేసేరండి. ఇరవయ్యొమ్మిదో ఏటే. దాంతోపాటు అన్నీ తీసేసేం అన్నారండి."

డాక్టరు రాస్తున్న కలం ఆపి ఆమె ముఖం చూశాడు. తుంటికి ఎక్స్‌రే తీయించాడు. అందులో తేడా ఏమీ కనపడలేదు. బంగారరాజును లోపలికి పిలిచి చెప్పాడు.

"గజ్జలో నొప్పికి కారణాలు చాలా ఉంటాయి. కండరం పట్టేసినా వస్తుంది, హెర్నియా అయినా వస్తుంది, తుంటి కీలు అరిగినా వస్తుంది. నా అనుమానం వేరు. తొడ ఎముక పైన, తుంటి కీలులోకి వెళ్లే మెడ దగ్గర సన్నగా పగిలి ఉండొచ్చు. అది ఎక్స్‌రేకి దొరకదు. ఎమ్మారై తీయించండి. రిపోర్టు వచ్చేదాకా ఇక్కడే ఉండండి. ఈ వాకర్ పట్టుకోవాలి, కుడికాలి మీద బరువు పడకూడదు."

స్కానింగ్ అయ్యేసరికి నాలుగయింది. రిపోర్టుకు ఇంకా రెండు గంటలు పడుతుందన్నారు. వేట నిషేధం తీసి నెల కూడా కాలేదు, మర్నాడు పొద్దున్నే బోటు కదలాలి. "ఫోన్లో చెప్తారులే, పదండి" అన్నాడు బంగారరాజు. వాకర్ ఆయనే మోశాడు. బస్టాండులో నలుగురూ చూస్తారని వీరవేణి దాన్ని ముట్టుకోలేదు. దుర్గ భుజం పట్టుకుని మూడు మెట్లూ ఎక్కి బస్సులో కూర్చుంది.

రాజోలు దాటాక దుర్గ ఫోను మోగింది.

"ఎక్కడున్నారమ్మా?" డాక్టరు గొంతు గబగబా వినపడింది.

"బస్సులోనండి. మలికిపురం వస్తందండి."

"ఆవిడ కూర్చున్నారా, నిలబడ్డారా?"

"కూర్చున్నారండి."

"అలాగే ఉంచండి. ఎముక సగానికి పైగా పగిలింది. ఇంకొక్క అడుగు వేసినా పూర్తిగా విరిగి జరిగిపోవచ్చు. అలా జరిగితే ఎముక పైన ఉండే గుండుకి రక్తం అందదు, కీలే మార్చాల్సొస్తుంది. బస్సు మెట్లు దింపకండి. నూటెనిమిదికి నేను చెప్తున్నాను."

దుర్గ అత్తగారిని కదలొద్దని చేత్తో ఆపింది. లేచి కండక్టరు భవాని దగ్గరికి పరిగెత్తి, గుక్క తిప్పుకోకుండా చెప్పింది. భవాని ఈల వేసింది. డ్రైవరు బస్సును రోడ్డు పక్కకు తీశాడు.

వీరవేణికి విషయం అర్థమై కాళ్లు వణకడం మొదలైంది. ఆ వణుక్కే ఎముక విరుగుతుందేమోనని ఇంకా భయం వేసింది. బంగారరాజు కింద కూర్చుని ఆమె మోకాళ్లు రెండూ కదలకుండా పట్టుకున్నాడు. తుపానులో తాడు పట్టి నిలబడిన మనిషి చేతులవి.

అరగంటకు అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగిన మనిషి సీట్ల మధ్యకు వచ్చి అడిగాడు.

"నొప్పి ఎక్కడమ్మా?"

బస్సు నిండా జనం. అందరూ ఇటే చూస్తున్నారు.

"గజ్జలో" అంది వీరవేణి, అందరికీ వినపడేలా. "కుడి గజ్జలోనండి."

అతను దుర్గ చున్నీ తీసుకుని రెండు కాళ్లనూ కలిపి కట్టాడు. ముందు తలుపు దగ్గర స్ట్రెచర్ మలుపు తిరగదు. వెనక అత్యవసర ద్వారం తెరుద్దామంటే అది తుప్పు పట్టి బిగుసుకుపోయింది. డ్రైవరు జాకీ రాడ్డు తెచ్చి కొట్టాడు. కొట్టినప్పుడల్లా బస్సు అదిరింది, అదిరినప్పుడల్లా వీరవేణి కళ్లు మూసుకుంది.

"ఆపండి! ఆపండి బాబూ, ఆవిడకి కుదుపు తగులుతోంది!" అని భవాని అరిచింది.

ఇద్దరు ప్రయాణికులు బయటికి దిగి తలుపు పట్టుకుని లాగారు. మూడోసారికి ఊడొచ్చింది. వీరవేణిని స్ట్రెచర్ పలక మీదికి జరిపి, ఆరుగురు చేతులు మార్చుకుంటూ ఆ సందులోంచి బయటికి దించారు. పాదం ఎక్కడా ఆనలేదు.

మర్నాడు పొద్దున్న అమలాపురంలో ఆపరేషన్ చేసి మూడు స్క్రూలు వేశారు. పగులు జరగలేదని, కీలు నిలిచిందని డాక్టరు చెప్పేదాకా బంగారరాజు వరండాలో నిలబడే ఉన్నాడు. బోటు అతను లేకుండానే వెళ్లింది.

"ఎందుకొచ్చిందండీ ఇది?" అని దుర్గ అడిగింది.

"ఒక్కటే అని చెప్పలేనమ్మా. చిన్న వయసులో అండాశయాలు తీసేస్తే ఎముకలు పల్చబడతాయి. ఎండ మొహం చూడని పని. రోజంతా నిలబడడం. ఆ ఇంజక్షన్లు ఏవో మనకు తెలీదు. అన్నీ కలిశాయి."

సాయంత్రం బంగారరాజు మంచం పక్కన కూర్చున్నాడు.

"నడుమని నేనే చెప్పేను డాక్టరుగారికి" అన్నాడు.

"నీకు నేనేగా చెప్పేను అలాగని."

ఆయన తలవంచుకున్నాడు. "నాక్కూడా చెప్పకూడదేంటే?"

"నీకు చెప్తే నువ్వు డాక్టరుకి చెప్పాలి కదా. ఇద్దరికీ సిగ్గే అనుకున్నాను" అంది.

పన్నెండు వారాలు కుడికాలు నేల తగలకుండా గడిచాయి. దుర్గే స్నానం చేయించింది, అన్నం అందించింది. అక్టోబరులో ఎక్స్‌రే చూసి డాక్టరు, ఇక కాలు మోపవచ్చన్నాడు. వీరవేణి వాకర్ గట్టిగా పట్టుకుంది గానీ కాలు దించలేకపోయింది. ఒళ్లంతా చెమట పట్టింది.

"పర్లేదమ్మా, అతుక్కుంది. పెట్టండి."

"ఆయ్, అలాగేనండి" అంది. ఇంకో నిమిషం అలాగే నిలబడింది. మడమ నేలకు తగిలింది, తర్వాత పాదం, తర్వాత బరువు. పొడుపు రాలేదు. వస్తుందేమోనని ఊపిరి బిగబట్టి ఇంకో అడుగు వేసింది. అప్పుడు వాకర్ మీద వాలిపోయి ఏడ్చేసింది.